మన ఓటు ఏ ఊరిది?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో భివండీ శాఖ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన అంశం "నేత కుటుంబాలు – రాజకీయ చైతన్యం". పేరు చాలా పెద్దగా ఉంది. ఆ పేరుతో మొదలుపెడితే మార్కండేయ మహర్షి దగ్గర ఎత్తుకుని భోజనాల వేళకు కూడా మన దగ్గరికి రాలేం. అందుకని మా ఊరి సంగతి ఒక్కటే చెప్తాం. భివండీలో ఓట్లు ఎట్లా పడతాయి, అందులో మనవి ఎటు పోతున్నాయి అని. మా సంఘం చేసిన తప్పులు కూడా ఇందులో ఉన్నాయి. అవి దాచుకుని మాట్లాడితే ఇంతదూరం రావడం దండగ.

భివండీ చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. ముంబైకి ముప్ఫై కిలోమీటర్ల చిల్లర దూరంలో, థానే జిల్లాలో ఉంది మా ఊరు. 2011 జనాభా లెక్కల్లో 7,09,665 మంది. సాంచాల ఊరు. మీలో కొందరు పవర్‌లూమ్ అంటారు, మరమగ్గం అంటారు. మాకు సాంచ అంటేనే నోటికి వస్తుంది. 1982 జనవరిలో ముంబై మిల్లుల సమ్మె మొదలైన తరవాత మిల్లుల్లో నేసే బట్ట చాలావరకు మా సాంచాల మీదికి వచ్చింది. అప్పటికే కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి వచ్చి ఉన్న మనవాళ్ళ వెంట బావమరుదులు, తమ్ముళ్ళు, మేనల్లుళ్ళు వరసగా దిగారు. ఇప్పుడు పద్మానగర్‌లోనో కామత్‌ఘర్‌లోనో పొద్దున్నే టీ కొట్టు దగ్గర నిలబడితే మరాఠీ కంటే ముందు తెలుగు వినపడుతుంది.

ఇంత ఉండీ మా గల్లీలో నాలా పొంగితే ఎవరికి చెప్పాలో మాకు తెలియదు. ఇక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందు ఊరి ఓటు సంగతి. అసెంబ్లీకి ఊరు రెండు ముక్కలు, భివండీ పశ్చిమం, భివండీ తూర్పు. లోక్‌సభకు భివండీ పేరుతోనే స్థానం ఉంది గానీ, దాని ఆరు అసెంబ్లీ భాగాల్లో మా ఊరివి రెండే. తక్కినవి భివండీ గ్రామీణం, శహాపూర్, ముర్బాడ్, కళ్యాణ్ పశ్చిమం. పాలికకు 90 మంది నగర్‌సేవకులు.

ఇప్పుడు ఫలితాలు చూడండి. లోక్‌సభకు 2014లో, 2019లో బీజేపీ తరఫున కపిల్ పాటిల్ గెలిచారు. 2024లో శరద్ పవార్ పార్టీ నుంచి సురేశ్ మ్హాత్రే గెలిచారు. పశ్చిమంలో 2014, 2019, 2024 మూడుసార్లూ బీజేపీ మహేశ్ చౌఘులే. తూర్పులో 2014లో శివసేన రూపేశ్ మ్హాత్రే, 2019లోనూ 2024లోనూ సమాజ్‌వాదీ రయీస్ శేఖ్. మరి పాలికలో? 2017లో 90కి 47 కాంగ్రెస్‌వి. పైన ఒక రంగు, కింద ఇంకో రంగు, రోడ్డుకు అటు ఒకటి, ఇటు ఒకటి.

పేపర్లవాళ్ళు దీన్ని హిందూ ఓటు, ముస్లిం ఓటు అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. అందులో నిజం లేదని మేము అనం. 1970, 1984 అల్లర్లు చూసిన పెద్దవాళ్ళు మా ఇళ్ళలో ఇంకా ఉన్నారు. అయితే అదే భివండీ, 1992–93లో పక్కన ముంబై తగలబడుతుంటే చల్లగా ఉంది. పోలీసు డీసీపీ సురేశ్ ఖోపడే పెట్టించిన మొహల్లా కమిటీలు అందుకు ఒక కారణం. ఇంకో కారణం కార్ఖానాలో ఉంది. భీము ఎక్కించేవాడు ఒకడు, సాంచ నడిపేవాడు ఒకడు, తాకా కొనే సేఠ్ ఇంకొకడు. ఏ ఇద్దరు కొట్టుకున్నా మూడో రోజుకు ముగ్గురి పొయ్యీ ఆరిపోతుంది.

అసలు పాలిక ఓటులో జనం చూసేది వేరు. నల్లా ఎవరు వదిలించారు, చావు ఇంటికి ఎవరు వచ్చారు, ఆస్పత్రికి ఫోన్ ఎవరు చేశారు. పెద్ద ఎన్నికకు టీవీ చూసి వేస్తారు, పాలికకు గల్లీ చూసి వేస్తారు. ఇది మనకు అనుకూలంగా ఉండాల్సిన లెక్క. ఎందుకంటే మనం చెదిరి లేము, గల్లీలుగా ఉన్నాం. మరి ఎందుకు అనుకూలంగా లేదు?

రెండేళ్ళ కింద మేము ఒక పని చేశాం. ప్రతి సభలో మన ఓట్లు ఇన్ని వేలు అని ఒక్కొక్కరు ఒక్కో అంకె చెప్పడం విని విని విసుగొచ్చింది. ఓటర్ల జాబితా తీసుకుని మా గల్లీ వరకు ఇల్లిల్లూ తిరిగాం. జాబితా మరాఠీలో ఉంటుంది. మన పేర్లు అందులో పడే పాట్లు చెప్పనలవి కాదు. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనక. వాళ్ళకు పేరు ముందు, తండ్రిదో భర్తదో నడుమ, ఇంటిపేరు చివర. మన ఆధార్ తెలంగాణది అయితే గుమస్తా ఇంటిపేరునే పేరు అనుకుని ఎక్కిస్తాడు. ఒక ఇంట్లో తండ్రీ ఇద్దరు కొడుకులూ ముగ్గురూ జాబితాలో ఒకే పేరుతో ఉన్నారు. ఆ పేరు వాళ్ళ ఇంటిపేరు!

అట్లా తిరిగితే కొన్ని ఇళ్ళలో అందరి ఓట్లూ ఇక్కడే ఉన్నాయి. ఇవి పాత ఇళ్ళు, సొంత గదులు ఉన్నవాళ్ళు. చాలా ఇళ్ళలో మగవాళ్ళ ఓటు ఊర్లో కూడా ఉంది, ఇక్కడ కూడా ఉంది. ఇంకొన్ని ఇళ్ళలో ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ ఉంటూ ఓటు మాత్రం సిరిసిల్ల దగ్గరి పల్లెలోనే ఉంచుకున్నారు. ఇవన్నీ మేము అనుకున్నవే. అనుకోనిది కోడళ్ళ సంగతి. ఒక వదినను అడిగాం, "మీ ఓటు ఎక్కడుంది వదినా?" అని. "పెండ్లయినంక మా అమ్మగారింటి కాడ తీసేసిన్రు. ఇక్కడ ఎక్కియ్యలేదు. ఎనిమిదేండ్లాయె, ఎవ్వరూ అడగలే" అన్నది. నడుమ రెండు పెద్ద ఎన్నికలు అయిపోయాయి. ఇంట్లో మామగారు మా సంఘంలో పెద్దమనిషి. మన వేల ఓట్ల గురించి మైకు ముందు గట్టిగా మాట్లాడేవాళ్ళలో ఆయన ఒకరు. ఆయన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. మా ఇళ్ళలో చూసుకున్నా అదే కథ.

ఇక తేదీలు. ఇది మీరు ఎవరూ గమనించారో లేదో. 2014 లోక్‌సభకు భివండీలో ఏప్రిల్ 24న ఓటు, తెలంగాణలో 30న. 2019లో తెలంగాణ ఏప్రిల్ 11, మాకు 29. 2024లో తెలంగాణ మే 13, మాకు సరిగ్గా వారం తరవాత మే 20. పాలికకు 2017లో ఓటు పడింది మే 24న. మే నెల అంటే ఏమిటి? పిల్లలకు బడి ఉండదు, ఊర్లో పెళ్ళిళ్ళు, బోరింగు నీళ్ళు, మామిడికాయ పచ్చడి. సాంచాల మీద పనిచేసేవాళ్ళు సంవత్సరానికి ఒకసారి ఇల్లు చూసుకునేది అప్పుడే. అందులో తప్పు లేదు. కానీ నగర్‌సేవక్ కావాలనుకున్నవాడికి ఆ సంగతి మనకంటే బాగా తెలుసు. మే 24న కామత్‌ఘర్‌లో ఎన్ని తలుపులకు తాళాలు ఉంటాయో వాడు లెక్కపెట్టుకునే వస్తాడు.

2024లో మా గల్లీ దగ్గరికి బస్సులు వచ్చాయి. మే 13 ఓటు కోసం ఊర్ల నుంచి పంపించారు. పోను రాను చార్జీ లేదు, దారిలో భోజనం. మంచిదే కదా అని ఎక్కారు. పోయేటప్పుడు బస్సు ఉంది. వచ్చేటప్పుడు పెళ్ళి ఉందని, జ్వరం వచ్చిందని, టికెట్ దొరకలేదని 20 దాటిపోయింది. 20 లోపు వచ్చినవాళ్ళలో కొందరు వేలి మీద సిరా గుర్తుతోనే ఇక్కడి బూత్‌కు పోయారు. ఎడమ చూపుడు వేలు చూసి గుర్తు ఉంటే ఓటు వెయ్యనివ్వకూడదని నియమం ఉంది. ఒక తమ్ముణ్ణి అక్కడే ఆపేశారు. నలుగురిలో తలవంచుకుని వచ్చాడు. ఇంటికి వచ్చి మా మీద అరిచాడు, "మీరు ముందే చెప్పొద్దా అన్నా" అని. నిజమే, చెప్పలేదు.

కనుక ఇప్పుడు చెప్తున్నాం. రెండు చోట్ల ఓటు ఉండకూడదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే ఉంది. ఒక మనిషి ఒకే నియోజకవర్గంలో, ఒకేసారి నమోదు కావాలి. అబద్ధపు ధ్రువీకరణ ఇస్తే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇల్లు మారితే 8వ నంబరు ఫారం, కొత్తగా చేరేవాళ్ళకు 6వ నంబరు. ఇంతవరకే చట్టం.

అయితే మనవాళ్ళు ఊర్లో ఓటు ఎందుకు వదలరు? మేము అడిగాం. "ఓటు తీసేస్తే ఇల్లు పోతది, పింఛను పోతది, ఊర్లో మమ్మల్ని మనుషుల లెక్కలోంచి తీసేస్తరు" అన్నారు. ఈ భయాన్ని నవ్వి కొట్టిపారేయలేం. పటేల్ ముందు చేతులు కట్టుకుని నిలబడిన కాలం వాళ్ళ తండ్రులది. ఊర్లో ఓటు అంటే వాళ్ళకు ఊర్లో చోటు. కానీ ఇల్లూ జాగా కాగితం మీద ఉంటాయి గానీ ఓటు మీద ఉండవు. ఓటు మారితే పట్టా మారదు. పింఛను నిజంగా ఊర్లో ఉండేవాళ్ళకు. ఇక్కడ సాంచ నడిపే నలభై ఏళ్ళ మనిషికి దానితో పని లేదు.

ఇటువైపు నష్టం మాత్రం కళ్ళతో చూశాం. 2020 లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోయాయి. కార్డు ఊర్లో, మనిషి ఇక్కడ. బియ్యం కోసం నగర్‌సేవక్ ఇంటికి పోతే మొదట అడిగిన మాట "మీ పేరు మా యాదిలో ఉందా?" అని. ఆకలి మీద ఆ మాట అడగడం అన్యాయమే. కానీ అడిగారు. అడుగుతారు.

ఇప్పుడు మా తప్పు. 2017లో పాలిక ఎన్నికల ముందు మా సంఘం ఒక పార్టీ ప్యానెల్‌కు మాట ఇచ్చింది. పార్టీ పేరు ఇక్కడ వద్దు. హాల్లో మీటింగ్ పెట్టి, శాలువాలు కప్పి, "మా సమాజం ఓట్లన్నీ మీకే" అని మైకులో చెప్పాం. ఎవరిని అడిగి చెప్పాం? ఎవరినీ అడగలేదు. పది మంది పెద్దలం కూర్చుని అనుకున్నాం. బదులుగా గుడికి ఒక కమాను, హాలుకు ఒక రేకుల షెడ్డు వచ్చాయి. షెడ్డు పనికొచ్చింది, లేదనం. కానీ నీళ్ళు, నాలా, గల్లీ లైటు గురించి మేము ఒక్క కాగితం కూడా రాయించుకోలేదు.

పైగా మనం ఓటు వేసే పద్ధతి కూడా మారిపోయింది. 2007లో వార్డుకు ఒక్కరు. 2012లో ఇద్దరు. 2017లో నలుగురు. ఊరు మొత్తం 23 ప్రభాగులు. ఒక్కొక్కరు నాలుగు మీటలు నొక్కాలి, మూడు సీట్ల ప్రభాగులో అయితే మూడు. వార్డు చిన్నగా ఉన్నప్పుడు నాలుగు గల్లీలు కలిస్తే మన మనిషి గెలిచేవాడు. వార్డు పెద్దదయ్యాక పార్టీవాళ్ళు ప్యానెల్‌లో మన పేరు ఒకటి పెడతారు, ఆ ఒక్క పేరు చూసి మనం నాలుగు మీటలూ నొక్కుతాం. మిగతా ముగ్గురు ఎవరో పోస్టర్ మీద చూడటమే. తరవాత నాలా పొంగిందని పోతే "అది ఆయన పని" అని నలుగురూ నలుగురి వైపు చూపిస్తారు. సగం సీట్లు ఆడవాళ్ళవి. సంతోషమే. కానీ మన చెల్లెలు గెలిస్తే ఆఫీసులో కుర్చీ మీద బావ కూర్చుంటున్నాడు. సంతకం ఒకటే ఆమెది.

ఇక ఆ 47 సీట్ల సంగతి. 2019 డిసెంబరులో మేయర్ ఎన్నిక జరిగితే, సభలో సగానికి పైగా ఉన్న కాంగ్రెస్ ఓడిపోయింది. నలుగురు నగర్‌సేవకులున్న ఆఘాడీ నుంచి మేయర్ వచ్చారు. కాంగ్రెస్ గుర్తు మీద గెలిచినవాళ్ళే కొందరు అటు చెయ్యెత్తారు. ఎవరు మంచి, ఎవరు చెడ్డ అని మేము తేల్చం. మాకు అర్థమైంది ఒకటి. వాళ్ళు అటు పోయేటప్పుడు ఎవరి గల్లీకీ వచ్చి అడగలేదు. మనం మాత్రం వాళ్ళకు మొత్తం సమాజాన్ని రాసిచ్చామని అనుకున్నాం. 2022 జూన్‌లో ఆ సభ గడువు కూడా తీరిపోయింది. ఆ తరవాత మూడేళ్ళు దాటి ప్రశాసకుడి పాలనే నడిచింది. ఘర్‌పట్టీ ఆగలేదు, నళ్‌పట్టీ ఆగలేదు, అడగడానికి మనిషే లేడు.

షోలాపూర్ బంధువులు ముందు వరసలో కూర్చుని ఉన్నారు, వాళ్ళను చూస్తే మాకు కాస్త అసూయ. 1980, 1984లో గంగాధర్ కూచన్, 1989, 1991లో ధర్మన్న సాదుల్, 1996లో లింగరాజ్ వల్యాల్ – వరసగా తెలుగువాళ్ళను లోక్‌సభకు పంపిన ఊరు అది. ఇప్పటి భివండీ లోక్‌సభ స్థానానికి మొదటి ఎన్నిక 2009లో జరిగింది. అప్పటి నుంచి అక్కడా, ఊరి రెండు అసెంబ్లీ స్థానాల్లోనూ గెలిచినవాళ్ళలో తెలుగు పేరు ఒక్కటీ లేదు. కానీ మాకు ఎంపీల కంటే ఆడం నర్సయ్య మాస్టారి దారి ఎక్కువ ఆలోచింపజేస్తుంది. ఆయన కమ్యూనిస్టు. మాలో చాలామందికి ఆ జెండా నచ్చదు, అది వేరే మాట. ఆయన కులం పేరుతో ఓటు అడగలేదు. బీడీలు చుట్టే ఆడవాళ్ళను, సాంచాల కార్మికులను పేరు పేరునా పోగుచేశారు. కుంభారీ దగ్గర బీడీ కార్మికులకు పదివేల ఇళ్ళు లేచాయి. ఆ తరవాత రేనగర్‌లో ముప్ఫై వేల ఇళ్ళ పథకం, అందులో 15,000 ఇళ్ళను 2024 జనవరిలో ప్రధాని చేతుల మీదుగా ఇచ్చారు. ఆయన ఎన్నికల్లో గెలిచారు, చాలాసార్లు ఓడిపోయారు కూడా. ఇళ్ళు మాత్రం నిలబడి ఉన్నాయి. మేము గుడి కమాను తెచ్చుకున్నాం, వాళ్ళు ఇళ్ళు తెచ్చుకున్నారు.

మన వాళ్ళే నిలబడొచ్చు కదా అని అడుగుతారు. నిలబడాలంటే రిజర్వు సీటుకు కులం పత్రం కావాలి, దాని పడతాళణీ కావాలి. మహారాష్ట్రలో వెనుకబడిన వర్గం పత్రానికి 1967 అక్టోబర్ 13కి ముందు నుంచి కుటుంబం ఈ రాష్ట్రంలో ఉన్నట్టు ఆధారం అడుగుతారు. తాత వచ్చింది 1960లోనే. కానీ తాత బడికి పోలేదు, ఇల్లు కిరాయిది, కార్ఖానా హాజరు పుస్తకం చెదలు తిన్నది. ఏం చూపించాలి? మా దగ్గర ఒక తమ్ముడు తాత పేరున్న పాత రసీదు కోసం పెట్టెలన్నీ తిరగేసి, చివరికి పోటీయే మానుకున్నాడు. ఇది ఒక పార్టీ తీర్చే పని కాదు. సమాఖ్య స్థాయిలో పట్టుకోవలసిన పని. పాత కాగితం ఏ ఇంట్లో ఉన్నా పారేయకండి, ఫొటో తీసి పెట్టుకోండి. మీ తాత కాగితమే మీ అన్నదమ్ముల పిల్లలకు కూడా ఆధారం అవుతుంది.

చివరికి 2025 సంగతి. మేలో సుప్రీంకోర్టు చెప్పింది, స్థానిక ఎన్నికలు పెట్టి తీరాలని. మేమూ ఈసారి బుద్ధి తెచ్చుకున్నాం. ఎవరికీ మాట ఇవ్వొద్దు, ముందు పేర్లు ఎక్కిద్దాం అనుకున్నాం. ఆగస్టులో హాల్లో శిబిరం పెట్టాం. కాలేజీ పిల్లలు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. కోడళ్ళు వరసలో నిలబడ్డారు, ఎనిమిదేళ్ళ వదిన కూడా వచ్చింది. ఫారాలు బాగానే నింపాం. తరవాత తెలిసింది. పాలిక ఎన్నికకు వేరే జాబితా తయారుచెయ్యరు. అసెంబ్లీ జాబితానే ప్రభాగుల వారీగా విడగొడతారు. అదీ ఈసారి జూలై 1 నాటికి ఉన్న జాబితా. మేము ఆగస్టులో పెట్టాం. ఆ పేర్లు ఒక్కటీ ఆ ఎన్నికకు పనికిరాలేదు.

ఆ వదినకు ఈ మాట చెప్పడానికి మాలో ఎవరం ముందుకు రాలేదు. చివరికి ఇద్దరం కలిసి పోయాం. ఆమె ఏమీ అనలేదు. "అచ్చే ఎలచ్చన్లకు ఉంటది గదా?" అన్నది. ఉంటుంది అన్నాం. టీ ఇచ్చింది.

మిగతా ఊర్ల వాళ్ళకు మా మనవి అదే. మీ దగ్గర ఎన్నిక మాట వినపడినప్పుడు శిబిరం పెడితే ఆలస్యం అయిపోయినట్టే. ఏ నెలలో ఎన్నిక లేదో ఆ నెలలో పెట్టండి. పేరు ఎక్కించేటప్పుడు ఇంటిపేరు ఎక్కడ పడిందో అచ్చులో చూసుకోండి. కోడళ్ళను ముందు అడగండి.

తరవాత సుప్రీంకోర్టు ఇచ్చిన కొత్త గడువు 2026 జనవరి 31. ఈసారి మే నెల కాదు, తాళాల లెక్క వాళ్ళకు తప్పుతుంది అని మేము సంబరపడ్డాం. అప్పుడు కమిటీలో ఒక అవ్వ క్యాలెండర్ తిప్పి చూసి, "జనవరిల సంక్రాంతి ఉన్నది గద బిడ్డా" అన్నది. నిజమే. అప్పటికి తేదీ ఇంకా రాలేదు. టికెట్లు మాత్రం అప్పుడే తీసుకున్నవాళ్ళు ఉండేవారు. పోవద్దని మేము అనలేదు, పండగ పండగే. తేదీ వచ్చిన రోజు హాలు బోర్డు మీద రాస్తామన్నాం. అది చూసుకుని తిరుగు టికెట్ కూడా తీసుకోమన్నాం.